కొక్కేనికి ఒక సంచి

ఏప్రిల్. ఆకాశంలో మబ్బు తునక లేదు.
ఇసకపల్లి ఉప్పు మళ్ళ మీద ఎండ కళ్ళు పొడుస్తా ఉండాది.
అట్లాంటి రోజున సచివాలయం అమ్మాయి వచ్చి
మనిషికొక సంచి సర్దిపెట్టుకోమనింది.
"మూడు రోజులకు సరిపడా అనుకోండక్కా" అనింది.
మూడు రోజులు ఎంత బరువుంటాయో తెలియక
గడపలో నిలబడి వేళ్ళు మడుస్తా ఉండిపోయినా.

మనిషికొకటి యాడిది?
జశ్వంత్‌ది పోయినేటి బడి సంచి ఉంది,
జిప్పు సగంలో ఆగిపోతుంది.
దానికి పిన్నీసులు పెట్టినా.
అయిదుగురికీ అదే.

పాల ప్యాకెట్లు కడిగి దండేనికి ఆరేసి
ఒకదాంట్లో ఆధార్లు, ఒకదాంట్లో రేషను కార్డు,
బ్యాంకు పుస్తకం, హాసిని పుట్టిన కాగితం,
మస్తానయ్య షుగరు బిళ్ళలు,
కొవ్వొత్తి మంటకి అంచులు కాల్చి అతికించినా.
వేలికంటుకున్న ప్లాస్టిక్కు రెండు రోజులు పోలేదు.
టార్చి, దాని సెల్లులు. అటుకులు, బెల్లం.
బిస్కెట్లు రెండు ప్యాకెట్లు. అగ్గిపెట్టె.
నాలుగు మడతలేసి రవిక గుడ్డలో కుట్టిన అయిదొందల నోటు.
ఒక పాత చీర.
చీర దేనికన్నాడు మస్తానయ్య.
దేనికి కాదో చెప్పు అన్నా.

అంకమ్మత్త మంచం మీంచి చూస్తా
"ఉప్పు పెట్టినావా?" అనింది.
"జేజే, సముద్రమే ఇంట్లోకొస్తుంటే ఉప్పెందుకే!"
పిల్లకాయలు పడీ పడీ నవ్వినారు.
ఆమె నవ్వలేదు.
నేను పెట్టలేదు.

మే నెలలో టీవీ రిమోట్ ఆగిపోయింది.
టార్చిలోంచి రెండు సెల్లులు తీసినాం, రేపు కొని పెడదామని.
బడి తెరిచిన వారం బిస్కెట్లు పోయినాయి.
ఖాళీ ప్యాకెట్లో గాలి ఊది మూసిపెట్టిన పనితనం
హాసినిది.
చీర పక్కింటి సుగుణ కాన్పుకి పోయింది.
బిళ్ళలు అయిపోయినప్పుడల్లా ఈయన
అల్లూరు మందుల షాపు దూరమని
గోడ దగ్గరికే పోయేవాడు.
అయిదొందల కుట్టు మాత్రం విప్పింది నేనే.
ఇంజన్లో డీజిలు లేక మళ్ళకు నీళ్ళెక్కని రోజు.
మళ్ళీ కుట్టినా.
లోపల ఏమీ లేదు, అయినా కుట్టినా.

వానలు మొదలైనాక
సంచి కింద గోడ మీద ఒక చెమ్మ చార దిగింది.
పైన రేకు కారతా ఉండాదనుకున్నాం.
కార్తీకంలో బాగు చేద్దామనుకున్నాం.

కార్తీకం రెండో వారం, అన్నాల వేళ,
ఇంట్లో ఫోన్లు రెండూ ఒక్కసారే అరిచినాయి.
మైకు ఆటో వీధిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.
గాలి ఇంకా పెద్దగా లేదు,
కొంగలు మాత్రం మళ్ళల్లో లేవు.

సంచిలో ఏం మిగల్లేదని నాకు తెలుసు.
సిగ్గుతో ఒంటిచేత్తో లాగినా.
చెయ్యి కిందికి జారిపోయింది.
అంత బరువు.

హైస్కూల్లో ఆరో తరగతి గదిలో,
కరెంటు పోయినాక, అర్ధరాత్రి దాటి,
డ్రమ్ముల్లో అన్నం, సాంబారు వచ్చినాయి.
మొదటి ముద్దకే గదంతా ఆగిపోయింది.
చప్పిడి.
ఉప్పు పండించే ఊరు ఊరంతా
ఒకరి మొహాలొకరు చూసుకుంటా ఉంటే
అంకమ్మత్త సంచి అడుగున చెయ్యి పెట్టి
తడిసి ముద్దయిన గుడ్డ మూట తీసింది.
"నా పెళ్ళయిన ఏడు గూడా ఇంతే.
గాలివానకి కొఠార్లు కరిగిపాయె.
పది రోజులు చప్పిడి గంజి" అనింది, ఎవరితోనో.
వరస ఎంబడి వంగి వంగి పోతా
ఆకుకొక చిటికెడు.

ఆ మూటే ఇన్నాళ్ళూ చెమర్చి గోడ తడిపింది.
పాల కవర్లు తెరిచి చూసినా.
కాగితాలు పొడిగానే ఉన్నాయి.
టార్చి వెలగలేదు.

"అంతెత్తు కొక్కెం నీకెట్లా అందిందే జేజీ?" అన్నాడు జశ్వంత్.
మంచం కోడు మీద కాలు పెట్టి ఎక్కినాననింది,
నెలకొకసారి, పిడికెడు పిడికెడు,
మీరు ఇంట్లో లేనప్పుడు.
మోకాళ్ళు మడవలేని మనిషి.

బయట రేకులు లేచిపోతా ఉన్నాయి, ఎవరివో.
తెల్లారి ఇంటికి పోయినాక, గోడ ఉంటే,
ఆ కొక్కేన్ని ఒక మూరెడు కిందికి కొట్టాల.